బ్యాకప్‌ను రిస్టోర్ వైపు నుంచి నేర్చుకోవాలి

2017 జనవరి 31 రాత్రి, ప్రోగ్రామర్ల కోడ్‌ను దాచి నిర్వహించే గిట్‌ల్యాబ్ సంస్థ డేటాబేస్ సర్వర్లలో తలెత్తిన చిక్కును సరిదిద్దుతున్న ఇంజినీరు ఒకరు, రెండో సర్వర్‌లో ఖాళీ చేయవలసిన డైరెక్టరీని పొరపాటున ప్రధాన సర్వర్‌లో తుడిచేశారు. ఒకటి రెండు సెకన్లలోనే తప్పు గ్రహించి ఆదేశాన్ని ఆపినా, సుమారు 300 జీబీ డేటాలో అప్పటికి మిగిలింది 4.5 జీబీ మాత్రమే. ఆ సంస్థలో ముందుజాగ్రత్తలు లేవని కాదు; బ్యాకప్‌కూ రెప్లికేషన్‌కూ (డేటాను వెంటవెంటనే మరో సర్వర్‌కు నకలు చేయడం) కలిపి ఐదు పద్ధతులు పెట్టుకున్నారు. అయితే రోజూ డంప్ (డేటాబేస్‌లోని సమాచారమంతా ఒక ఫైలుగా) తీయవలసిన ప్రోగ్రాము పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ 9.2 వెర్షన్‌ది, నడుస్తున్న డేటాబేస్ 9.6 వెర్షన్‌ది కావడంతో డంప్ మొదట్లోనే ఆగిపోతూ వచ్చింది. అది ఆగిపోయిందని చెప్పవలసిన ఈమెయిళ్లను, పంపినవారి ధ్రువీకరణ సరిగా లేదంటూ మెయిల్ సర్వర్ తిరస్కరించడంతో ఆ సంగతి ఎవరికీ తెలియలేదు. క్లౌడ్‌లో ఉన్న డిస్క్ స్నాప్‌షాట్ (డిస్కు ఒక క్షణంలో ఉన్న స్థితిని పట్టి ఉంచడం) సదుపాయాన్ని డేటాబేస్ సర్వర్లకు ఆన్ చేయనే లేదు. చివరకు ఆదుకున్నది, ప్రమాదానికి సుమారు 6 గంటల ముందు వేరే అవసరం కోసం చేత్తో తీసి ఉంచిన ఒక ఎల్‌వీఎం (లినక్స్‌లో డిస్కులను నిర్వహించే పొర) స్నాప్‌షాట్. నెమ్మదైన డిస్కుల మీద ఉన్న ఆ నకలును ప్రధాన సర్వర్‌కు చేర్చడానికి దాదాపు 18 గంటలు పట్టింది. మధ్యలోని 6 గంటల సమాచారం పోయింది. సుమారు 5,000 ప్రాజెక్టులు, 5,000 వ్యాఖ్యలు, 700 కొత్త ఖాతాలు దెబ్బతిన్నాయి.

ఈ వివరాలన్నిటినీ ఆ సంస్థే బహిరంగంగా ప్రకటించింది. దాచుకోకుండా చెప్పినందుకు ఈ పని చేసేవారంతా ఆ సంస్థకు రుణపడి ఉన్నారు, ఎందుకంటే బ్యాకప్ ఎలా విఫలమవుతుందో ఇంతకన్నా స్పష్టంగా చూపే ఉదాహరణ దొరకడం కష్టం. తీసే వైపు నుంచి చూస్తే అక్కడ అన్నీ సవ్యంగానే కనిపించాయి: డంప్‌కు షెడ్యూల్ ఉంది, దాచడానికి బకెట్ (క్లౌడ్‌లోని నిల్వ చోటు) ఉంది, విఫలమైతే కబురు పంపే ఏర్పాటు ఉంది. తిరిగి తెచ్చుకునే వైపు నుంచి ఎవరైనా ఒక్కసారి వెళ్లి ఉంటే, బకెట్ ఖాళీగా ఉందన్న సంగతి ఐదు నిమిషాల్లో బయటపడేది.

బ్యాకప్ నేర్పే పాఠాలు చాలావరకు ఏ ప్రోగ్రాము ఎంచుకోవాలి, ఎప్పుడెప్పుడు నడపాలి, ఎక్కడ దాచాలి అన్న ప్రశ్నలతో మొదలై, తిరిగి తెచ్చుకోవడాన్ని, అంటే రిస్టోర్‌ను, చివరి పేజీకి నెట్టేస్తాయి. ఈ వరుసను తిరగేసి, మొదటి రోజునే ఒక ఫైలును పోగొట్టుకుని తిరిగి తెచ్చుకోవడంతో ఆరంభిస్తే, మిగిలిన ప్రశ్నలకు జవాబులు ఆ ప్రయత్నంలోనే చాలావరకు దొరుకుతాయి. ఏది దాచాలో, ఎంత తరచుగా దాచాలో, దాచినదానికి ఏ రూపం ఉండాలో నిర్ణయించేది తిరిగి తెచ్చుకునే అవసరమే.

ఫైలు అంటే అందులోని అక్షరాలేనా?

ఒక సర్వర్‌లోని ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, కొత్త మెషీన్‌లోకి తిరిగి ఎక్కించినప్పుడు మొదట ఎదురయ్యే ఇబ్బందుల్లో ఎస్‌ఎస్‌హెచ్ కీ (దూరంలోని సర్వర్‌లోకి లాగిన్ కావడానికి వాడే తాళంచెవి ఫైలు) ఒకటి. కీ ఫైలులోని ప్రతి అక్షరమూ యథాతథంగా ఉంటుంది, అయినా లాగిన్ కాదు. అనుమతులు మరీ బాహాటంగా ఉన్నాయని, అందుకే ఆ కీని పక్కన పెడుతున్నానని ప్రోగ్రాము చెబుతుంది. సాధారణంగా పెన్‌డ్రైవ్‌లు వాడే ఫ్యాట్, ఎక్స్‌ఫ్యాట్ ఫైల్‌సిస్టమ్‌లకు యునిక్స్ తరహా అనుమతులను రాసుకునే చోటు లేకపోవడమే దీనికి కారణం. యజమాని తప్ప వేరెవరూ చదవకూడదన్న 600 గుర్తు పెన్‌డ్రైవ్‌కు చేరిన క్షణంలోనే పోయింది, తిరిగి రాలేదు.

ఫైలుతో పాటు దాని యజమాని, గుంపు, అనుమతులు, చివరిసారి మార్చిన సమయం, సింబాలిక్ లింకులు (మరో ఫైలు దారిని చూపేవి), హార్డ్ లింకులు (ఒకే ఫైలుకు ఉన్న మరో పేర్లు), ఏసీఎల్‌లు (ఎవరెవరికి ఏ అనుమతో చెప్పే జాబితాలు), అదనపు లక్షణాలు కూడా తిరిగి వస్తేనే అది పాత ఫైలు అవుతుంది. యజమాని విషయంలో మరో మెలిక ఉంది. లినక్స్ ఫైల్‌సిస్టమ్ యజమానిని పేరుతో గుర్తుపెట్టుకోదు, అంకెతో గుర్తుపెట్టుకుంటుంది. పాత మెషీన్‌లో 1001 అంకె డేటాబేస్ ఖాతాది అయి, కొత్త మెషీన్‌లో అదే అంకె మరెవరిదో అయితే, అంకెల ప్రకారం తిరిగి వచ్చిన ఫైళ్లన్నీ ఆ రెండో వారి చేతికి వెళతాయి. డేటాబేస్ లేవదు, ఎందుకు లేవడం లేదో ఫైళ్ల పరిమాణం చూసినంత మాత్రాన అర్థం కాదు.

1979లో యునిక్స్ ఏడో ఎడిషన్‌తో వచ్చిన టార్ ఇప్పటికీ నిలబడి ఉండడానికి కారణం, ఫైళ్లను ఈ వివరాలతో సహా ఒకే మూటగా కట్టగలగడమే. ఏసీఎల్‌లను, అదనపు లక్షణాలను కూడా కట్టాలంటే ఆ మాట ప్రత్యేకంగా చెప్పాలి, చెప్పకపోతే వదిలేస్తుంది. 1996లో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకరాస్ విడుదల చేసిన ఆర్‌సింక్ మరో దారి చూపింది: రెండు వైపులా ఉన్న ఫైళ్లను ముక్కలుగా పోల్చి, మారిన ముక్కలను మాత్రమే పంపిస్తుంది. ఈ రెండింటినీ చేతికి అలవాటయ్యే దాకా వాడినవారికి ఆ తరువాత ఏ ప్రోగ్రాము ముందుకు వచ్చినా, లోపల జరిగేది ఊహకు అందుతుంది.

ఆర్‌సింక్‌తో జరిగే నష్టాల్లో ఒకదాన్ని దగ్గరగా చూడడం అవసరం. మూలంలో తొలగించిన ఫైళ్లను గమ్యంలోనూ తొలగించమని చెప్పే డిలీట్ ఆప్షన్ దానికి ఉంది. ఒక డిస్కును డేటా అనే డైరెక్టరీ దగ్గర మౌంట్ చేసి (తగిలించి), ఆ డైరెక్టరీని రోజూ రాత్రి 2 గంటలకు ఈ ఆప్షన్‌తో మరో డిస్కుకు పంపుతున్నారనుకుందాం. ఒక రాత్రి మెషీన్ రీబూట్ అయి, మూలం డిస్కు ఏదో కారణంగా మౌంట్ కాలేదు. డైరెక్టరీ మాత్రం ఖాళీగా, తన చోట తాను ఉంది. ఆర్‌సింక్ దృష్టిలో మూలంలోని ఫైళ్లన్నీ తొలగిపోయినట్టే. అందువల్ల గమ్యంలోని వాటన్నిటినీ విధేయంగా తుడిచి, సున్నా తప్పులతో పని ముగించిందని చెబుతుంది. ఇక్కడ మెషీన్‌ను తప్పుపట్టడానికి ఏమీ లేదు. పని మొదలుపెట్టే ముందు మూలం, గమ్యం రెండూ నిజంగా మౌంట్ అయి ఉన్నాయో లేదో చూసి, లేకపోతే అక్కడే ఆగిపోయే రెండు వరుసలు స్క్రిప్టులో ఉంటే ఈ ప్రమాదం తప్పుతుంది. గమ్యం డిస్కు మౌంట్ కాని సందర్భమూ ఉంటుంది: అప్పుడు బ్యాకప్ అంతా అదే మెషీన్ సొంత డిస్కులో పడి, అది నిండిపోయి, సర్వర్ ఆగిపోయే దాకా ఎవరూ గమనించరు.

ఇదే కోవకు చెందిన మరో లోపం, ఒక ప్రోగ్రాము ఫలితాన్ని ఇంకోదానికి అందించే పైపు గుర్తు దగ్గర దాగి ఉంటుంది. డేటాబేస్ డంప్‌ను నేరుగా కుదింపు ప్రోగ్రాముకు అందించి ఫైలుగా రాసుకోవడం అందరూ చేసే పనే. ఆదేశాలను నడిపే షెల్ మాత్రం మామూలుగా ఆ వరుసలోని చివరి ప్రోగ్రాము ఫలితాన్నే మొత్తం పని ఫలితంగా తీసుకుంటుంది. డంప్ పాస్‌వర్డ్ తప్పై మొదటి క్షణంలోనే ఆగిపోయినా, కుదించే ప్రోగ్రాము తనకు అందిన శూన్యాన్ని చక్కగా కుదించి విజయం అని చెబుతుంది. ఇరవై బైట్ల ఫైలు ప్రతి రాత్రీ సరైన తేదీతో తయారవుతూ ఉంటుంది. బ్యాష్ షెల్‌లో, వరుసలో ఏది విఫలమైనా మొత్తం విఫలమైనట్టు లెక్కించే పైప్‌ఫెయిల్ సెట్టింగ్ పెట్టడం దీనికి ఒక విరుగుడు. నిన్నటి ఫైలుతో పోలిస్తే ఇవాళ్టి ఫైలు అకస్మాత్తుగా చిన్నదైతే హెచ్చరించడం ఇంకో విరుగుడు.

వెర్షన్లు, సమయం, లెక్కలు

రెయిడ్ అమరికలు (పలు డిస్కులను కలిపి ఒకటిగా వాడేవి), క్లౌడ్ సింక్ ఫోల్డర్లు, డేటాబేస్ రెప్లికాలు బ్యాకప్ కిందకు రావు అన్న మాటను మొదట్లోనే గట్టిగా చెప్పుకోవాలి. డిస్కు చెడినప్పుడు, సర్వర్ పడిపోయినప్పుడు ఇవి పనికొస్తాయి. తప్పు ఆదేశాన్నీ, తప్పు తొలగింపునూ, చెడిపోయిన ఫైలునూ కూడా ఇవి అంతే నమ్మకంగా, క్షణాల్లో అన్ని ప్రతులకూ చేరవేస్తాయి. 2017 జూన్‌లో నాట్‌పెట్యా అనే హానికర ప్రోగ్రాము దాడి మెర్స్క్ నౌకా సంస్థను కుదిపేసినప్పుడు, వాడుకరుల ఖాతాలనూ అనుమతులనూ నిర్వహించే డొమైన్ కంట్రోలర్లు ఒకదానితో ఒకటి సమాచారం పంచుకుంటూ ఉన్నందున, ఏదో ఒకటి మిగులుతుందన్న ధైర్యం ఉండేది. అన్నీ ఒకేసారి తుడిచిపెట్టుకుపోయాయి. ఘనాలోని ఒక కంట్రోలర్ మాత్రం, కరెంటు పోయి నెట్‌వర్క్‌కు దూరమైనందువల్ల బతికింది. ఆ ఒక్క డిస్కు ఆధారంగానే మిగతా వ్యవస్థను నిలబెట్టుకున్నారు.

పాత వెర్షన్‌కు వెనక్కి వెళ్లగలగడమే బ్యాకప్‌ను మిగతా వాటి నుంచి వేరు చేసే లక్షణం. అందుకోసం ప్రతిసారీ మొత్తం నకలు తీస్తే చోటు చాలదు కాబట్టి, ఒకసారి ఫుల్ బ్యాకప్ తీసి తరువాత మార్పులను మాత్రమే తీసే పద్ధతులు వచ్చాయి. ఆదివారం ఫుల్, మిగతా రోజుల్లో ఇంక్రిమెంటల్ (ముందు రోజు బ్యాకప్ తరువాతి మార్పులు మాత్రమే) తీసే ఏర్పాటులో శనివారం నాటి స్థితికి రావాలంటే ఏడు ముక్కలూ కావాలి. బుధవారం ముక్క చెడిపోతే మంగళవారం దాకా మాత్రమే చేరగలరు. డిఫరెన్షియల్ పద్ధతిలో, ఫుల్ తీసిన నాటి నుంచి జరిగిన మార్పులన్నీ ప్రతిరోజూ తీస్తారు కాబట్టి ఆదివారంది, శనివారంది రెండు ముక్కలు చాలు. కానీ వారం చివరికి వచ్చేసరికి ఆ ముక్క బాగా పెరుగుతుంది. బోర్గ్, రెస్టిక్ వంటి ప్రోగ్రాములు డేటాను చిన్న చిన్న తునకలుగా చేసి, ఒకే తునకను ఒక్కసారే దాచి, ప్రతి రోజునూ ఒక పూర్తి నకలుగానే చూపిస్తాయి. నేర్చుకునేవారికి ఇవి ఎంతో వీలైనవి, అయితే ఒక తునక చెడితే దాన్ని వాడుకునే వెర్షన్లన్నీ చెడతాయన్నది మరిచిపోకూడదు. ఆ తునకలను నిజంగా చదివి సరిచూసే తనిఖీ ఆదేశాలు రెండింటిలోనూ ఉన్నాయి; వాటిని అప్పుడప్పుడు నడపడం బ్యాకప్ తీయడంలో భాగమే.

ఎంత తరచుగా తీయాలన్నది ఎంత పని తిరిగి చేసుకోగలరన్నదాని మీద ఆధారపడుతుంది. రోజుకోసారి తీస్తే, గరిష్ఠంగా ఒక రోజు పని పోవడానికి ఒప్పుకున్నట్టే. దీన్ని ఆర్‌పీఓ అంటారు. నిలబడిపోయిన పని మళ్లీ మొదలయ్యే దాకా ఎంతసేపు ఆగగలరన్న లెక్క ఆర్‌టీఓ. మొదటిదాన్ని అందరూ ఆలోచిస్తారు, రెండోదాన్ని కాగితం మీద వేసి చూసేవారు తక్కువ. సెకనుకు 1 గిగాబిట్ నెట్‌వర్క్ ఎక్కడా తడబడకుండా పూర్తి వేగంతో నడిచినా, 1 టెరాబైట్ కదలడానికి 8,000 సెకన్లు, అంటే 2 గంటల 13 నిమిషాలు పడుతుంది. అదే 100 మెగాబిట్ల లైన్ మీద 22 గంటలు దాటుతుంది. కుదింపు విప్పడం, ఎన్‌క్రిప్షన్ విప్పడం, లక్షలాది చిన్న ఫైళ్లను ఒక్కొక్కటిగా రాయడం దీని మీద అదనం. నాలుగు గంటల్లో లేపుతామని మాట ఇచ్చి, నకలును ఇంటర్నెట్ అవతల మాత్రమే దాచుకున్నవారి మాట నిలబడుతుందో లేదో ఈ చిన్న భాగహారమే చెప్పేస్తుంది.

వర్చువల్ మెషీన్: ఒక్క ఫైలులా కనిపించే కంప్యూటర్

మామూలు కంప్యూటర్‌ను మొత్తంగా దాచుకోవడం కష్టం, వర్చువల్ మెషీన్‌ను, అంటే మరో కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌గా నడిచే కంప్యూటర్‌ను, దాచుకోవడం తేలిక అనిపించడానికి బలమైన కారణమే ఉంది. దాని డిస్కు మొత్తం, దాన్ని నడిపే హోస్టు మెషీన్‌లో ఒకే పెద్ద ఫైలుగా, క్యూకౌ2 రూపంలోనో వీఎండీకే రూపంలోనో ఉంటుంది. ఆ ఫైలును కాపీ చేస్తే కంప్యూటర్ మొత్తం కాపీ అయినట్టే కదా అనిపిస్తుంది. మెషీన్‌ను పూర్తిగా షట్‌డౌన్ చేసి కాపీ చేస్తే ఈ ఊహ దాదాపు నిజం. నడుస్తున్న మెషీన్ విషయంలోనే తిరకాసు వస్తుంది.

100 జీబీ డిస్క్ ఇమేజ్‌ను సెకనుకు 125 మెగాబైట్ల వేగంతో కాపీ చేయడానికి 800 సెకన్లు, సుమారు 13 నిమిషాలు పడుతుంది. రాత్రి 10 గంటలకు మొదలుపెడితే, నకలులోని మొదటి బ్లాకు 10 గంటల నాటిది, చివరి బ్లాకు 10 గంటల 13 నిమిషాల నాటిది. ఆ మధ్యలో గెస్టు (వర్చువల్ మెషీన్ లోపలి) ఆపరేటింగ్ సిస్టమ్ ఒక కొత్త ఫైలు సృష్టించి, డైరెక్టరీ పట్టికను డిస్కు మొదటి భాగంలోనూ, ఫైలు డేటాను చివరి భాగంలోనూ రాసిందనుకుంటే, నకలులో డేటా ఉంటుంది, పట్టికలో దాని పేరు ఉండదు. ఇలాంటివి వందలు చేరతాయి. చివరకు చేతికి వచ్చేది, ఏ క్షణంలోనూ ఏ కంప్యూటర్‌లోనూ అలా లేని ఒక డిస్కు. కొన్నిసార్లు అది బూట్ అవుతుంది కూడా. దెబ్బ ఎక్కడ తగిలిందో నెలల తరువాత గానీ బయటపడకపోవడమే దానిలోని అసలు ప్రమాదం.

స్నాప్‌షాట్ ఈ సమస్యను తెలివిగా దాటుతుంది. తీసిన క్షణంలో ఉన్న డిస్క్ ఇమేజ్‌ను అక్కడికక్కడ స్తంభింపజేసి, ఆ తరువాతి రాతలన్నిటినీ కొత్త పొరలాంటి మరో ఫైలులోకి మళ్లిస్తుంది. చదివేటప్పుడు ముందుగా పై పొరలో వెతికి, అక్కడ లేకపోతే కింది ఇమేజ్‌లోకి చూస్తుంది. కింది ఇమేజ్ ఇక మారదు కాబట్టి, మెషీన్ నడుస్తూ ఉండగానే దాన్ని నింపాదిగా బ్యాకప్ డిస్కుకు కాపీ చేసుకోవచ్చు. కాపీ పూర్తయ్యాక పై పొరలోని మార్పులను కిందికి కలిపేసి పొరను తొలగించాలి. లినక్స్‌లో వర్చువల్ మెషీన్లను నడిపే కేవీఎంలో విర్ష్ స్నాప్‌షాట్ ఆదేశం, తరువాత బ్లాక్‌కమిట్ ఆదేశం చేసే పని ఇదే. ఈ క్రమాన్ని ఒక ప్రయోగ మెషీన్ మీద చేత్తో ఒకసారి నడిపి, ప్రతి అడుగు తరువాత హోస్టులో ఏ ఫైలు పెరుగుతోందో, ఏది ఆగిపోయిందో కళ్లారా చూడడం పది పేజీల వివరణ కన్నా మేలు.

పొరను తొలగించడం మరిచిపోతే వచ్చే కష్టం వేరు. పై పొర రోజురోజుకూ పెరుగుతుంది, స్టోరేజీ నిండిపోతే దాని మీద ఉన్న మెషీన్లు ఆగిపోతాయి. పాత పొరలు తీయకుండా కొత్తవి పేర్చుకుంటూ పోతే చదివే ప్రతిసారీ గొలుసంతా వెతకవలసి వచ్చి వేగం పడిపోతుంది. గొలుసులో ఒక్క ఫైలు చెడినా దాని పైనున్నవేవీ పనికిరావు. ఒకే స్నాప్‌షాట్‌ను 72 గంటలకు మించి ఉంచవద్దనీ, గొలుసు 32 దాకా పెరగగలిగినా రెండు మూడింటి దగ్గరే ఆపాలనీ వర్చువల్ మెషీన్ల సాఫ్ట్‌వేర్ సంస్థ వీఎంవేర్ తన వాడుకరులకు చెప్పింది. స్నాప్‌షాట్‌లను బ్యాకప్‌గా వాడవద్దన్నది కూడా ఆ సూచనలో భాగమే, ఎందుకంటే పొర ఒక్కటే మిగిలి కింది ఇమేజ్ పోతే చేతిలో ఏమీ లేనట్టే. రెండూ సాధారణంగా ఉండేది ఒకే స్టోరేజీ మీద.

స్నాప్‌షాట్ సరిగా తీసినా మరో ప్రశ్న మిగులుతుంది: ఆ క్షణంలో గెస్టు లోపల పనులు ఏ దశలో ఉన్నాయి? బయట నుంచి తీసిన స్నాప్‌షాట్ లోపలి వారికి కరెంటు హఠాత్తుగా పోయినట్టే. డిస్కుకు ఇంకా చేరక మెమరీలో ఉన్న రాతలు నకలులో ఉండవు. దీన్ని క్రాష్ కన్సిస్టెంట్ నకలు అంటారు. జర్నల్ (మార్పులను ముందుగా రాసుకునే చిట్టా) ఉన్న ఫైల్‌సిస్టమ్‌లు, మంచి డేటాబేస్‌లు ఇలాంటి స్థితి నుంచి కోలుకునేలాగే తయారయ్యాయి కాబట్టి అది పనికిరానిదేమీ కాదు. ఇంకాస్త భద్రత కావాలంటే గెస్టు లోపల ఏజెంటు (హోస్టు మాట విని పనిచేసే చిన్న ప్రోగ్రాము) ఉండాలి. క్యూఈఎంయూ గెస్ట్ ఏజెంట్ లినక్స్‌లో ఫైల్‌సిస్టమ్‌ను ఒక్క క్షణం ఆపి, పెండింగ్ రాతలను డిస్కుకు చేర్చి, స్నాప్‌షాట్ అయ్యాక వదిలేస్తుంది. విండోస్‌లో వీఎస్‌ఎస్ అనే సేవ డేటాబేస్ వంటి ప్రోగ్రాములకు ముందుగా కబురుచేసి వాటిని సిద్ధం చేస్తుంది. ఏజెంటును అమర్చామనుకుని అది ఆగిపోయి ఉండడం చాలాసార్లు జరుగుతుంది, కాబట్టి లాగులో ఆ మాట ఉందో లేదో చూసుకోవాలి. విలువైన డేటాబేస్ ఉన్న మెషీన్‌కు ఇమేజ్ బ్యాకప్‌తో పాటు లోపలి నుంచి డేటాబేస్ డంప్ కూడా విడిగా తీయడం ఖర్చు తక్కువ, ధైర్యం ఎక్కువ ఇచ్చే పని. ఒక్క టేబుల్‌ను తిరిగి తెచ్చుకోవడానికి 100 జీబీ ఇమేజ్‌ను విప్పవలసిన అగత్యం కూడా దానితో తప్పుతుంది.

ఇక డిస్కు ఒక్కటే మెషీన్ కాదన్న సంగతి రిస్టోర్ చేసిన రోజున తెలుస్తుంది. ఎన్ని ప్రాసెసర్లు, ఎంత మెమరీ, ఏ డిస్కు ఏ కంట్రోలర్‌కు తగిలించారు, ఏ నెట్‌వర్క్‌కు కలిపారు అన్న వివరాలు కేవీఎంలో ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైలులో ఉంటాయి. యూఈఎఫ్‌ఐ అనే ఫర్మ్‌వేర్‌తో బూట్ అయ్యే మెషీన్‌కు బూట్ వివరాలు దాచుకునే ఎన్‌వీర్యామ్ ఫైలు విడిగా ఉంటుంది. వర్చువల్ టీపీఎం (కీలను దాచే భద్రతా చిప్‌కు సాఫ్ట్‌వేర్ రూపం) వాడే విండోస్ మెషీన్‌లో, డిస్కును ఎన్‌క్రిప్ట్ చేసే బిట్‌లాకర్ ఆన్ చేసి ఉండి, టీపీఎం స్థితి ఫైళ్లను దాచకపోతే, డిస్కు క్షేమంగా తిరిగి వచ్చి కూడా 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. వర్చువల్ మెషీన్లను నిర్వహించే ప్రాక్స్‌మాక్స్‌లోని వీజెడ్‌డంప్ వంటి సాధనాలు డిస్కుతో పాటు సెట్టింగుల ఫైలును కూడా మూటగట్టి ఈ బాధను చాలావరకు తగ్గిస్తాయి. ఏది వచ్చింది, ఏది రాలేదు అన్నది మాత్రం వేరే హోస్టు మీద రిస్టోర్ చేసినప్పుడే తేలుతుంది. పాత హోస్టు మీదే చేస్తే అక్కడ మిగిలిన ఫైళ్లు లోపాన్ని కప్పేస్తాయి.

ప్రయోగం కోసం రిస్టోర్ చేసిన మెషీన్‌ను నేరుగా పని నెట్‌వర్క్‌లోకి వదలడం పెద్ద పొరపాటు. దానికి అసలు మెషీన్ ఐపీ చిరునామానే ఉంటుంది, ఒక్కోసారి నెట్‌వర్క్ కార్డుకు ఉండే మ్యాక్ చిరునామా కూడా అదే ఉంటుంది. రెండూ ఒకేసారి పలకడంతో వినియోగదారుల కనెక్షన్లు కాసేపు ఇటు, కాసేపు అటు వెళతాయి. అది మెయిల్ సర్వర్ అయితే వారం కిందట క్యూలో నిలిచిన ఉత్తరాలను మళ్లీ పంపడం మొదలుపెడుతుంది. బిల్లులు పంపే షెడ్యూల్ ఉన్న మెషీన్ అయితే పాత బిల్లులు మళ్లీ బయలుదేరతాయి. పాత స్నాప్‌షాట్‌కు తిప్పిన డొమైన్ కంట్రోలర్ తన లెక్కింపు అంకెలను వెనక్కి తిప్పుకుని, మిగతా కంట్రోలర్లతో పొంతన కోల్పోతుంది. ఈ ముప్పును కనిపెట్టి కాచుకునే ఏర్పాటు విండోస్ సర్వర్ 2012 తో, హైపర్‌వైజర్ (వర్చువల్ మెషీన్లను నడిపే సాఫ్ట్‌వేర్) సహకారం ఉన్నచోట మాత్రమే వచ్చింది. అందుకే రిస్టోర్ ప్రయోగాలకు బయటి దారి లేని విడి వర్చువల్ నెట్‌వర్క్ ఒకటి ముందే కట్టుకోవాలి.

ఒక్క ఫైలు కోసం మెషీన్ మొత్తాన్ని లేపనవసరం లేదు. గెస్ట్‌మౌంట్ వంటి సాధనంతో బ్యాకప్ ఇమేజ్‌ను చదవడానికి మాత్రమే తెరిచి, కావలసినది తీసుకుని మూసేయవచ్చు. నడుస్తున్న మెషీన్ ఇమేజ్‌ను రాసే వీలుతో ఇలా తెరిస్తే ఫైల్‌సిస్టమ్ దెబ్బతినడం ఖాయం.

నకలు ఎక్కడ ఉండాలి

మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి వేరే చోట అన్న 3-2-1 సూత్రాన్ని ప్రచారంలోకి తెచ్చినది ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్. డేటా సెంటర్ల మధ్య పుట్టకుండా, ఫొటోలు పోగొట్టుకోకూడదన్న ఆరాటంలోంచి వచ్చింది కాబట్టే ఆ సూత్రం అంత సూటిగా ఉంది. చివరి అంకె విలువ 2021 మార్చి 10న స్ట్రాస్‌బర్గ్‌లో మరోసారి రుజువైంది. ఓవీహెచ్‌క్లౌడ్ డేటా సెంటర్ భవనాల్లో ఒకటి పూర్తిగా కాలిపోయినప్పుడు, అసలుతో పాటు బ్యాకప్ కూడా అదే ప్రాంగణంలో ఉన్న కొందరు వినియోగదారులు రెండింటినీ పోగొట్టుకున్నారు. 2025 సెప్టెంబర్ 26న దక్షిణ కొరియాలోని డేజాన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్‌లో మంటలు లేచినప్పుడు, ఉద్యోగులు పని ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్ వ్యవస్థలోని 858 టెరాబైట్ల డేటా పోయింది. పరిమాణం మరీ పెద్దదన్న కారణంతో దానికి బయట నకలు పెట్టలేదు. అంత పెద్దది కాబట్టే పెట్టవలసింది.

నిప్పుకన్నా తరచుగా వచ్చే ముప్పు, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ర్యాన్సమ్‌వేర్. అది చొరబడ్డాక మొదట వెతికేది బ్యాకప్‌నే. పని సర్వర్ దగ్గర బ్యాకప్ నిల్వను తుడిచే పాస్‌వర్డ్ ఉంటే, ఆ సర్వర్‌ను ఆక్రమించినవారి దగ్గరా అది ఉన్నట్టే. పని సర్వర్ నకలును పంపే బదులు, బ్యాకప్ సర్వరే వచ్చి తీసుకువెళ్లేలా అమర్చడం, గడువు దాకా ఎవరూ తుడవలేని ఆబ్జెక్ట్ లాక్ వంటి నిల్వను వాడడం, కనీసం ఒక డిస్కును పని అయ్యాక కేబుల్ తీసి పక్కన పెట్టడం, ఈ మూడింటిలో ఏదో ఒకటైనా ఉండాలి.

అభ్యాసం

నేర్చుకోవడానికి రెండు మెషీన్లు, ఒక బయటి డిస్కు చాలు. మొదటి మెషీన్‌లో ఒక చిన్న లినక్స్ వర్చువల్ మెషీన్ పెట్టి, అందులో ఒక డేటాబేస్, రకరకాల అనుమతులున్న కొన్ని ఫైళ్లు, ఒక హార్డ్ లింకు, ఒక సింబాలిక్ లింకు ఉంచాలి. ఫైళ్లన్నిటికీ షా256 మొత్తాలు (ఫైలు కాస్త మారినా మారిపోయే, వేలిముద్రలాంటి అంకెలు) లెక్కించి ఒక జాబితాగా రాసుకుని, ఆ జాబితాను మెషీన్ బయట దాచాలి. తరువాత ఫైళ్ల స్థాయిలో ఒక బ్యాకప్, ఇమేజ్ స్థాయిలో మరొక బ్యాకప్ తీసి, మొదటి మెషీన్‌ను ఆపేసి, అది లేదనుకోవాలి. ఇక గడియారం చూసుకుని రెండో మెషీన్ మీద పని మొదలుపెట్టాలి.

మొదటి ప్రయత్నంలో ఆగిపోయే చోట్లు దాదాపు అందరికీ ఒకే రకంగా ఉంటాయి. రెండో మెషీన్‌లో బ్యాకప్ ప్రోగ్రాము లేదు, ఉన్నా వెర్షన్ వేరు. ఏ ఆదేశంతో తీశారో రాసిపెట్టిన కాగితం పోయిన మెషీన్‌లోనే ఉంది. వర్చువల్ నెట్‌వర్క్ పేరు వేరు కాబట్టి ఎక్స్‌ఎంఎల్‌ను దిద్దవలసి వచ్చింది. ఇవన్నీ దాటి మెషీన్ బూట్ అయ్యాక షా256 జాబితాతో పోల్చాలి, అనుమతులు చూడాలి, డేటాబేస్‌లో చివరిగా చేర్చిన వరుస ఉందో లేదో అడగాలి. లాగిన్ తెర కనిపించినంత మాత్రాన రిస్టోర్ పూర్తయినట్టు కాదు. ఎక్కడ ఎంతసేపు పట్టిందో, ఏది లోపించిందో రాసుకుని, ఆ లోపాన్ని బ్యాకప్‌లో సరిచేసి, మళ్లీ మొదటి నుంచి చేస్తే రెండోసారికి సమయం బాగా తగ్గుతుంది. హైపర్‌వైజర్ వెర్షన్ మారినప్పుడల్లా, కొత్త డిస్కు చేర్చినప్పుడల్లా ఇదే అభ్యాసాన్ని తిరిగి చేయాలి.

ఎన్‌క్రిప్ట్ చేసిన బ్యాకప్‌తో ఈ అభ్యాసం చేసేవారికి చివరి అడ్డంకి పాస్‌వర్డ్ దగ్గర ఎదురవుతుంది. బోర్గ్, రెస్టిక్ వంటివాటిలో పాస్‌వర్డ్ పోతే డేటాను తెరిచే దొంగదారి ఏదీ లేదు. ఆ పాస్‌వర్డ్‌ను పాస్‌వర్డ్ మేనేజర్‌లో భద్రంగానే దాచి ఉంటారు, మేనేజర్ డేటాబేస్ మాత్రం ఇప్పుడు రిస్టోర్ చేయవలసిన మెషీన్‌లోనే ఉంటుంది. ఇలా ఒకసారి ఇరుక్కున్నవారు ఆ పాస్‌వర్డ్‌ను కాగితం మీద రాసి, పక్కన రిపాజిటరీ (బ్యాకప్ నిల్వ) చిరునామా, ప్రోగ్రాము వెర్షన్, రిస్టోర్ ఆదేశం, చివరిసారి ప్రయత్నించిన తేదీ కూడా వేసి, కవరులో పెట్టి, సర్వర్లు లేని మరో భవనంలో దాచుకుంటారు.